ఓబులేసు గారి డైటు

నార్సింగిలో ఔటర్ రింగు రోడ్డు కనబడే ఆ టవర్లలో పొద్దున్నే నడిచేవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఒకరోజు అందులో ఓబులేసు ఫొటోలు రెండు పక్కపక్కన వచ్చాయి. మొదటిదాంట్లో ఆయన పొట్ట మీద చొక్కా గుండీలు ఎప్పుడు తెగుతాయా అన్నట్టున్నాయి. రెండోదాంట్లో అదే చొక్కాలో ఇంకో మనిషికి కూడా చోటుంది. కింద చప్పట్ల బొమ్మలు వరస కట్టాయి. "యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఎంత క్రమశిక్షణ! మనందరికీ ఆదర్శం" అని నడక సంఘం అధ్యక్షులు పార్థసారథి గారు రాశారు.

ఆ క్రమశిక్షణ ఏపాటిదో ఓబులేసుకు బాగా తెలుసు. ఆయనకు ముద్ద మింగాలంటే భయం. నవ్వొచ్చే మాటే. మొదట్లో ఆయనకూ నవ్వొచ్చింది.

ఓబులేసుది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పాతికేళ్ళ కిందట భార్య జయమ్మతో, చంకలో కొడుకుతో ఇటు వచ్చి గండిపేట రోడ్డులో సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం పెట్టాడు. ఇక్కడ లేచిన మేడల్లో సగానికి కడ్డీలు తానే పంపానని చెప్పుకుంటాడు. అందులో కొన్ని కోతలే అనుకున్నా మనిషి మాత్రం మంచివాడు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, పెద్ద ఆకలి. పెళ్ళికి పిలిస్తే ఆయనకు పక్కన కూర్చున్నవాళ్ళు కూడా నాలుగు ముద్దలు ఎక్కువ తినేవాళ్ళు. ఆయన తింటుంటే చూసేవాళ్ళకు ఆకలేసేది.

అలాంటి మనిషికి ఎల్లేశం ఇంట్లో బోనాల పండుగనాడు దెబ్బ తగిలింది. ఎల్లేశం ఆ ఊరివాడే. ఈ టవర్లు నిలబడ్డ నేలలో ఒకప్పుడు వాళ్ళ చేలుండేవి. ఓబులేసుకు వచ్చిన కొత్తలోనే స్నేహం కుదిరింది. ఆ రోజు ఓబులేసు ఏదో చెబుతూ, తన మాటకు తానే నవ్వుతూ మాంసం ముక్క నోట్లో వేసుకున్నాడు. అది గొంతుకు అడ్డం పడింది. లోపలికి పోదు, బయటికి రాదు, ఊపిరి ఆడదు. కళ్ళు తేలేస్తుంటే ఎల్లేశం ఆయన్ను ముందుకు వంచి వీపు మీద గట్టిగా గుద్దాడు. ముక్క ఎగిరిపడింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నీళ్ళు తాగించారు. "నా చెయ్యి ఎంత బలమో చూసినవా అన్నా" అని ఎల్లేశం నవ్వించాడు. అక్కడితో అయిపోయిందనే అనుకున్నారు.

అయిపోలేదు. మర్నాడు మాంసం వద్దన్నాడు. సరే, భయపడ్డాడు అనుకున్నారు. కొన్నాళ్ళకు చపాతీ మానేశాడు. తర్వాత అన్నం. నోట్లో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. నములుతాడు, నములుతూనే ఉంటాడు. మింగాల్సిన క్షణం వచ్చేసరికి గొంతు తలుపేసుకుంటుంది. ఒళ్ళంతా చెమట, గుండె దడ. తువ్వాలులో ఉమ్మేసి లేచిపోతాడు. చివరికి గుడ్డలో వడకట్టిన రాగిజావ, మజ్జిగ మిగిలాయి. ఏడాదిన్నర పాటు ఆయన బతికింది వాటి మీదే.

డాక్టర్ల చుట్టూ తిరగలేదా అంటే తిరిగాడు. గొంతు డాక్టరు గొట్టం వేసి చూసి అంతా శుభ్రంగా ఉందన్నాడు. కడుపు డాక్టరు గ్యాసన్నాడు. బీపీ డాక్టరైతే మురిసిపోయాడు. "ఇలాగే తగ్గించండి" అని మాత్ర సగం చేశాడు. కొడుకు హేమంత్ రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడు తీసుకెళ్ళిన పెద్ద ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు వింత ప్రశ్నలు వేశాడు. లావైపోతానని భయమా, అద్దంలో చూసుకుంటే అసహ్యమా, తిన్నది కావాలని కక్కేస్తారా అని. "నా పొట్టంటే నాకు ముద్దే సార్" అన్నాడు ఓబులేసు. ఆ డాక్టరు నిరాశపడ్డట్టు కనిపించాడు. "ఈ తిండి జబ్బులు మామూలుగా కాలేజీ అమ్మాయిల్లో చూస్తాం. మీకు అలాంటిదేమీ లేదు" అని పంపించేశాడు.

జబ్బు లేదన్నారు కాబట్టి ఇక మిగిలింది పిరికితనమే అని ఓబులేసు తేల్చుకున్నాడు. లారీడు ఇనుము దించే కూలీల మీద కేకలు వేసే మనిషి, కొడుక్కి పెళ్ళి సంబంధాలు చూస్తున్న మనిషి, పిడికెడు అన్నానికి భయపడుతున్నానని ఎవరితో చెప్పుకుంటాడు? సిగ్గుతో చచ్చిపోయాడు.

అప్పుడు దొరికిందా మాట: డైటు. ఈ ప్రాంతంలో దానికున్న మహిమ ఇంతా అంతా కాదు. విందులో ఆకలి లేదంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. ఒంట్లో బాగాలేదంటే తలా ఒక వైద్యం చెబుతారు. డైట్‌లో ఉన్నానంటే మాత్రం దారి వదిలేసి గౌరవంగా చూస్తారు. "ఏం డైటండీ?" అని పార్థసారథి గారు మొదటిసారి అడిగినప్పుడు ఓబులేసు తడుముకుని, "అంతా ద్రవాలే సార్" అన్నాడు. ఆ సాయంత్రానికల్లా అది ఓబులేసు గారి ద్రవాహార పద్ధతి అయి కూర్చుంది. ఐటీ కుర్రాళ్ళు ఆపి మరీ వివరాలు అడిగేవారు. ఇన్నేళ్ళలో ఆయన్ను సిమెంటు అంకుల్ అని తప్ప పిలవనివాళ్ళు వాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ మర్యాద ఆయనకు నచ్చింది కూడా.

ఇంట్లో జయమ్మ దగ్గర ఈ డైటు కబుర్లు సాగవు. ఆమె మొదట బతిమాలింది, తర్వాత మొక్కుకుంది, తర్వాత తిట్టింది. "చంటిబిడ్డ మేలు కదయ్యా నీకంటే" అని ఒకరోజు ఏడ్చింది. ఆ తర్వాత ఏమీ అనడం మానేసింది. ఆయన జావ గ్లాసు ముందు కూర్చుంటే, "నేను ముందే తినేసినాలే" అని తెమలని పనేదో తలకెత్తుకునేది. పోనీలే, ఆమైనా వేళకు తింటోందని ఆయన అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఫోను మరిచిపోయానని ఇంటికొచ్చాడు. హాల్లో ఎవరూ లేరు. వంటింట్లో పొగ లాగే ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. వెనకాల బట్టలారేసే బాల్కనీ తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి చూశాడు. వాషింగ్ మిషన్ పక్కన బోర్లించిన బకెట్టు మీద జయమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో రాగి సంగటి, కోడి పులుసు. గబగబా మింగుతోంది. దొంగతిండి తింటున్నట్టు మధ్యమధ్యలో తలెత్తి చెవి రిక్కించి వింటోంది. వాసన ఆయనకు తగలకూడదని ఆ ఫ్యాను. ఆయన ఆకలితో ఉండగా తను తినడం కనబడకూడదని ఆ బకెట్టు.

ఓబులేసు అడుగు చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాడు. ఫోను తీసుకోవడం మళ్ళీ మరిచిపోయాడు. లిఫ్టులో ఏడుపొచ్చింది. కింద దిగేలోపు అది కోపంగా మారింది. ఆమె ఏం తప్పు చేసింది? తన ఇంట్లో, తను వండుకున్న కూడు, చీపుర్లు పెట్టుకునే చోట కూర్చుని తినాలా? ఈ మనిషి మళ్ళీ నా ఎదురుగా కూర్చుని కడుపునిండా తినాలి, అది జరగాలంటే నేను తినాలి అని ఆయన గట్టిగా అనుకున్నాడు. అంతకుముందు తన ప్రాణం కోసం కూడా అంత గట్టిగా అనుకోలేదు.

బండి తిన్నగా ఎల్లేశం ఇంటికి పోనిచ్చాడు. అంతా చెప్పాడు. వినగానే ఎల్లేశం చెప్పులు వేసుకున్నాడు.

"నువ్వు డైటు గీటు చేసెటోనివి కావని నాకెర్కే అన్నా. నా ఇంట్ల తిన్న ముక్క నిన్ను గిట్ల జేసిందని నాకు ఎంత పరేషాన్ ఉన్నదో తెల్సా? అడుగుదమంటే నువ్వేమో పేపర్ల ఫొటో పడ్డట్టు తిరుగుతున్నవ్. నడు, మా అన్న బిడ్డ యశస్విని మనసు డాక్టరు, గిసుంటియే చూస్తది."

"మనసు డాక్టరా? నాకేమన్నా పిచ్చా ఎల్లేశం?"

"పిచ్చి గాదు, పాడు గాదు. జర సప్పుడు జెయ్యకుండ బండెక్కు."

యశస్విని గది రాయదుర్గం మెట్రో స్టేషను దగ్గర ఒక మేడలో ఉంది. ముప్పై దాటిన పిల్ల. ఓబులేసు చెప్పిందంతా అడ్డురాకుండా విన్నది. విన్నాక, "అంకుల్, మీ గొంతు బాగుంది. మీ భయమూ నిజమే. రెండూ ఒకేసారి ఉండొచ్చు" అంది.

"ఇది జబ్బేనా తల్లీ?"

"జబ్బే. పుస్తకంలో ఉన్న పేర్లకు మీరు కొలతకు కుట్టినట్టు సరిపోకపోవచ్చు. సరిపోలేదని జబ్బు కాకుండా పోదు."

"ఈ వయసులోనా?"

"అరవై దాటినవాళ్ళు కూడా వస్తారు నా దగ్గరికి. చాలామంది మీలాగే ఏదో ఒక సాకు చెప్పుకుని బతుకుతుంటారు."

అది పిరికితనం కాదని ఒక మనిషి మొదటిసారి అన్నది. ఓబులేసు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

దారి దొరికింది గానీ నడక సులువుగా లేదు. మెత్తటి అన్నం కొంచెం కొంచెం నోట్లో పెట్టుకుని, బాగా నమిలి మింగమంది యశస్విని. ఒంటరిగా కాకుండా ఎవరైనా ఎదురుగా ఉండగా తినమంది. జయమ్మకు చెబుదామంటే ఆయనకు మనసొప్పలేదు. కుదరకపోతే ఆమె ఆశను రెండోసారి చంపినట్టవుతుంది. అందుకని దుకాణం వెనక గదిలో ఎల్లేశాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. వారాలు గడిచాయి. నమలడం, చెమట పట్టడం, ఉమ్మేయడం. ఒకరోజు కోపం పట్టలేక పళ్ళెం గోడకేసి కొట్టాడు. మెతుకులు సిమెంటు బస్తాల మీద పడ్డాయి. ఎల్లేశం చీపురు తెచ్చాడు. మర్నాడు అదే వేళకు ఓబులేసు మళ్ళీ ఆ గదిలో కూర్చున్నాడు. సొట్ట పడిన ఆ పళ్ళెమే ముందు పెట్టుకున్నాడు.

యశస్విని కూడా తన పద్ధతినే పట్టుకుని వేలాడే రకం కాదు. "నమిలే కొద్దీ భయానికి టైమిస్తున్నాం అనిపిస్తుంది అంకుల్. మీరు చిన్నప్పటి నుంచి నమలకుండా తిన్నదేమైనా ఉందా?" అని ఒకరోజు అడిగింది.

ఓబులేసుకు నవ్వొచ్చింది. చాలాకాలానికి వచ్చిన పెద్ద నవ్వు. "ఏంటికి లేదు తల్లీ? సంగటి! దాన్ని నమిలితే మా పక్క నవ్వుతారు. తుంచి, పులుసులో ముంచి, అట్ల మింగేయల్ల. మా యమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పించినది."

"మరి ఏడాదిన్నర నుంచి అదెందుకు ముట్టుకోలేదు?"

 సంగటి ముద్ద చూస్తే రాయిలా కనబడేది. అంతే.

అప్పటినుంచి సంగటి పట్టుకున్నారు. మొదట చింతగింజంత. వండే పని ఎల్లేశం భార్య బుచ్చమ్మ మీద పడింది. ఆమెకు సంగటి రాదు. "మా జొన్న గట్క లెక్కనే గదా" అని మొదలుపెట్టి ఒకరోజు అంబలి చేసింది, ఒకరోజు ఇటుక చేసింది. ఓబులేసు తిట్టుకుంటూ ఆ ఇటుకలోంచే చింతగింజంత గిల్లి, పులుసులో ముంచి, కళ్ళు మూసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. ఆలోచించేలోపు జారిపోయింది.  రెండో తునకా జారింది. మూడోది జారలేదు. గొంతు మళ్ళీ బిగుసుకుంది. అయినా ఆయన లేవలేదు. నీళ్ళు తాగి, దడ తగ్గేదాకా కూర్చుని, ఇంకోటి గిల్లాడు. తర్వాత్తర్వాత చింతగింజ రేగ్గాయంత అయింది. కొన్ని రోజులు మళ్ళీ చింతగింజకే దిగింది. దిగిన రోజున కూడా మానలేదు.

ఇంతలో పార్థసారథి గారు ఇంటికొచ్చారు. ఆదివారం క్లబ్‌హౌసులో నడక సంఘం వార్షికోత్సవం, టిఫిన్లు, ఓబులేసు గారి ప్రసంగం. బ్యానరు కూడా వేయించేశారు.

"నన్నొదిలేయండి సార్" అన్నాడు ఓబులేసు.

"అలా అంటే ఎలాగండీ! మా ఆవిడ కూడా మీ పద్ధతే మొదలుపెట్టిందండి. మజ్జిగ తప్ప ముట్టుకోవట్లేదు. మొన్న బాత్రూంలో కళ్ళు తిరిగి పడబోయింది. ఒంట్లో మలినాలు పోయేటప్పుడు అలాగే ఉంటుందట కదండీ?"

 ఓబులేసు దాక్కోవడానికి వేసుకున్న ముసుగు ఇంకో ఇంటి ఆడమనిషిని పడగొడుతోంది. "వస్తా సార్. ఆదివారం వచ్చి చెప్తా" అన్నాడు.

క్లబ్‌హౌసు నిండిపోయింది. ఓబులేసు మైకు ముందు నిలబడ్డాడు. మూడో వరసలో జయమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఆయన ఏం చెప్పబోతున్నాడో ఆమెకూ తెలియదు.

"నేను డైటేమీ చేయలేదు" అని మొదలుపెట్టాడు. "నాకు మింగాలంటే భయం. ఒకసారి ముక్క అడ్డం పడింది, అప్పటినుంచి తిండి పోదు. సిగ్గుపడి మీకు అబద్ధం చెప్పినా. సార్, మీ ఇంటామెకు ఈ రోజే కడుపునిండా పెట్టండి. ఆమెకొచ్చింది నీరసం. నాది డైటు కాదు, రోగం. ఇప్పుడు వైద్యం చేయించుకుంటాండా." ఒక్క క్షణం ఆగాడు. "మా ఆడమనిషి ఏడాదిన్నరగా నా ముందర తినలేక వాషింగ్ మిషన్ పక్కన బకెట్టు మీద కూర్చొని తింటాంది. నేను చూసినా. అంతకంటే సిగ్గుచేటు నాకు ఇంకోటి లేదు. ఇంక మీరు టిఫిన్లు తినండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో దగ్గారు. పార్థసారథి గారు దగ్గరికొచ్చి, "ముందే చెప్పుంటే బాగుండేది కదండీ, బ్యానరు కూడా..." అని ఆగిపోయి, ఫోను తీసి భార్యకు కలుపుతూ బయటికి పరుగెత్తారు. దోసెల దగ్గర వరసలో నిలబడ్డ ఒక కుర్రాడు ఓబులేసు చెవిలో, "అయినా అంకుల్, ఆ జావ ఎలా చేస్తారో గ్రూపులో పెట్టండి ప్లీజ్" అన్నాడు. ఓబులేసు వాణ్ణి ఎగాదిగా చూసి మెట్లు దిగాడు.

 ఇంట్లోకి అడుగుపెట్టగానే జయమ్మ పేలింది.

"నలుగురిలో నా కూటి మాట ఏంటికి తీసినావు? ఎప్పుడు చూసినావు నన్ను? చూసి ఇన్నాళ్ళు ఏంటికి నోరు మూసుకున్నావు?"

"నువ్వు మూసుకోలేదా మే?"

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన వెనక గది సంగతి, ఎల్లేశం సంగతి, బుచ్చమ్మ ఇటుకల సంగతి చెప్పాడు. జయమ్మ నమ్మలేదు.  అయినా వంటింట్లోకి వెళ్ళి ఎసరు పెట్టింది. కాసేపటికి సంగటి గెలికే కర్ర చప్పుడు వినబడింది. ఈసారి ఫ్యాను వేయలేదు. పులుసు వాసన ఇల్లంతా నిండింది.

భోజనాల బల్ల మీద ఒక్క పళ్ళెమే పెట్టింది. ఆయన లేచి రెండోది తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తన పళ్ళెంలోంచి రేగ్గాయంత తుంచి, పులుసులో ముంచి మింగాడు. గొంతు ఒక్కసారి పట్టుకుంది, వదిలింది. జయమ్మ ఊపిరి బిగబట్టి ఆయన గొంతు కేసే చూస్తోంది. ఆమె చెయ్యి పళ్ళెం మీదకు పోలేదు.

"నా గొంతు పక్క చూడొద్దు" అన్నాడు ఓబులేసు. "నీ పళ్ళెం పక్క చూడు. నువ్వు తింటేనే నేను ఇంకోటి తుంచేది."

"నువ్వు తిను, నేను తర్వాత..."

"తర్వాత లేదు. ఆ బకెట్టు ఎల్లేశం ఇంటికి పంపించేస్తా. తిను."

ఆమె తుంచింది. మొదటి తునక మింగుతూ ఏడ్చింది. రెండోది ఏడవకుండా తిన్నది. ఆయన ఇంకోటి మింగాడు, ఇంకోదానికి చెమటలు కక్కాడు, ఆగాడు, మళ్ళీ తుంచాడు.  చాలాసేపు పట్టింది. ఆయన ముద్ద ఇంకా నాలుగో వంతు కూడా తరగలేదు. జయమ్మ పళ్ళెం ఖాళీ అయింది. ఆమె గిన్నె వైపు చూసి, అలవాటుగా చూపు తిప్పేసుకుంది. ఓబులేసు అది గమనించాడు. ఎడమచేత్తో గిన్నె దగ్గరికి లాక్కుని, ఇంకో ముద్ద ఆమె పళ్ళెంలో పెట్టాడు.

"వద్దు" అనలేదు జయమ్మ. "పులుసు కూడా పొయ్యి" అంది.